తాతాజీ గారి ఉగ్గుగిన్నె

నేను ఒక కంచు ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడిపోతాను. అంచుకి ఒక పక్క పిచ్చుక ముక్కులాంటి కొమ్ము ఉంటుంది. దాన్ని పసిపిల్లల పెదాలకి ఆనించి ఉగ్గో పాలో చుక్కచుక్కగా ఒంపుతారు. చిన్న టీ గ్లాసుడు పట్టేసరికి నిండిపోతాను. ఈ కాలం పిల్లలు నన్ను చూసి "ఇది దీపం కుందా?" అంటారు. నాకు కోపం రాదు. పాలసీసాలు వచ్చాక పుట్టినవాళ్లకి నా పేరు తెలియకపోతే తప్పు వాళ్లది కాదు.

నన్ను కంచు, ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ అజ్జరంలో పోత పోశారు. రాగీ తగరమూ కలిపి కరిగించి మట్టిమూసలో పోశారు. చల్లారాక మూస పగలగొట్టి, ఆకురాయితో రాసి, చింతపండు పెట్టి తోమి, మెరిసేలా చేశారు. నాతోపాటు ఆ కొలిమిలోంచి వచ్చినవి చాలా ఉన్నాయి. కొన్ని గంటలయ్యాయి, కొన్ని చెంబులయ్యాయి. నేను మాత్రం ఇంత బుల్లిగా మిగిలానేమా అని మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఆ చిన్నతనం వీరాయమ్మ గారు వచ్చేదాకానే.

వీరాయమ్మ గారిది రామచంద్రపురం. భర్త పెళ్లిళ్లకి పెట్రోమాక్స్ దీపాలు, వంటపాత్రలు అద్దెకిచ్చేవాడు. సంతలో దుకాణదారు ముందు నన్ను చేతిలోకి తీసుకుని ఆవిడ అన్న మాట నాకింకా గుర్తే.

"ఏడోనెల్లోనే పుట్టేశాడండీ బాబూ. ఎలకపిల్లలా ఉన్నాడు. రొమ్ము పట్టే ఓపిక కూడా లేదు వాడికి. ఈ గిన్నెతో పోస్తే దిగుతాయంటారా?"

"దిగుతాయమ్మా. కంగారుపడకుండా పొయ్యాలంతే," అన్నాడు దుకాణదారు.

ఆవిడ కంగారుపడలేదు. పాలు పిండి నాలో పట్టి, ఆ బిడ్డని ఒళ్లో ఏటవాలుగా పెట్టుకుని ఒక చుక్క వేసేది. మింగాడా లేదా అని గొంతు వంక చూసేది. మింగితేనే రెండో చుక్క. ఇరుగూ పొరుగూ వచ్చి ముఖం పక్కకి తిప్పుకుని వెళ్లేవారు. ఆ బిడ్డ బతుకుతాడని ఆ వీధిలో నమ్మింది ఆవిడా, నేనూ. బిడ్డకి తాతగారి పేరే పెట్టారు. మామగారి పేరు పలకడానికి ఆవిడకి నోరు రాక "తాతాజీ" అని పిలిచింది. ఊరంతా అదే ఖాయం చేసేసింది.

తాతాజీ బతికాడు. బతకడమే కాదు, బుగ్గలొచ్చాయి, మెడ మీద మడతలొచ్చాయి, కాళ్లకి కడియాలు పట్టలేదు. వీరాయమ్మ గారికి మాత్రం ఆ ఎలకపిల్ల కళ్ల ముందునుంచి పోలేదు. వాడు కడుపు నిండి ముఖం తిప్పుకున్నా "ఇంకొక్క గిన్నెరా నాన్నా" అనేది. తర్వాత గిన్నె పోయి ముద్ద వచ్చింది. "ఇంకొక్క ముద్దరా" అనేది. వాడు చాలన్న రోజున ఆవిడకి భయం. వాడు ఇంకా కావాలన్న రోజున ఆవిడకి పండగ. పిల్లలు తెలివైనవాళ్లు కదా, అమ్మకి పండగ ఎలా చెయ్యాలో వాడు త్వరగానే నేర్చేసుకున్నాడు.

తర్వాత కొన్నాళ్లు నేను వీధి సొత్తునైపోయాను. ఎవరింట పురుడైనా "వీరాయమ్మ గారూ, మీ గిన్నె అచ్చొచ్చిన గిన్నండీ" అని పట్టుకుపోయేవారు. ఎంతమంది బోసినోళ్లు చూశానో! ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదని నాలో ఇంత పంచదారో, నాలుగు పటికబెల్లం పలుకులో వేసి తెచ్చేవారు. అవి మళ్లీ తాతాజీ నోట్లోకే వెళ్లేవి. ఆ తర్వాత పాలసీసాలు వచ్చాయి. నన్ను పాత చీర ముక్కలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేశారు.

ట్రంకుపెట్టె వసారా పక్క గదిలో ఉండేది. గిన్నెలకి చెవులుండవనుకుని మనుషులు వాటి పక్కనే కూర్చుని అన్నీ మాట్లాడుకుంటారు. అలా చీకట్లో పడుకునే తాతాజీ పెద్దవాడు కావడం విన్నాను. వాళ్ల నాన్న పోయాక పెట్రోమాక్స్ దీపాలు తీసేసి షామియానాలు, కుర్చీలు, గుండిగలు తెచ్చి తల్లి పేరు మీద సప్లయి షాపు పెద్దది చేశాడు. ద్రాక్షారామం నుంచి మండపేట దాకా ఏ పెళ్లికైనా పందిరి ఆయనదే. అంతకన్నా పెద్ద పేరు ఇంకొకటి వచ్చింది. అది తిండిది.

పెళ్లివారు పందిరి అద్దెతోపాటు ఆయనకి భోజనాల మొదటి బంతిలో ఆకు వేసేవారు. ఆయన తింటుంటే చూడ్డానికి జనం వెనకాల నిలబడేవారు. బావమరిది చిట్టిబాబు పందేలు కట్టేవాడు. "మా బావ నలభై బూరెలు లాగించకపోతే నా మీసం తీయించేస్తానండీ" అనేవాడు. చిట్టిబాబు మీసం ఎప్పుడూ క్షేమంగానే ఉండేది. నెయ్యి గిన్నెలు ఒంచేవారు, చప్పట్లు కొట్టేవారు. పెళ్లికూతురు తండ్రి వచ్చి "తాతాజీ గారు తిన్నారంటే మా వంట నెగ్గినట్టే" అని దండం పెట్టేవాడు. ఇంటికొచ్చి ఆయన ఆ కబుర్లు చెబుతుంటే ముసలి వీరాయమ్మ గారు మురిసిపోయేది. "ఏడోనెల పిల్లాడండీ వీడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట చెబుతూనే ఒకనాడు ఆవిడ కన్నుమూసింది.

ఆవిడ తర్వాత ఆ గరిటె కోడలు మంగతాయారు చేతికి వచ్చింది. మంగతాయారు నెమ్మదైన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. అత్తగారు వడ్డించినట్టే వడ్డించేది. భర్త తింటుంటే పక్కన నిలబడి, కంచంలో ఖాళీ కనిపించకుండా చూసేది. ఆయన చెయ్యి కడుక్కున్నాక వంటింట్లోకి వెళ్లి, ఎప్పుడో, ఏదో తినేది. ఏం తినేదో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లు లేరు.

మనిషి ఒళ్లు కూడా ఒక పాత్రే. పట్టేదానికన్నా ఎక్కువ పోస్తూ ఉంటే ఎక్కడో ఒకచోట కారుతుంది. తాతాజీ గారికి ముందు మోకాళ్లు పోయాయి. తర్వాత షుగరు వచ్చింది. షామియానా గుంజ పాతించడానికి వంగితే ఆయాసం. బరువు నూట నలభై దాటిందని మిల్లు దగ్గర కాటా మీద నిలబెట్టి స్నేహితులు వేళాకోళం చేశారు. ఆయనా నవ్వేశాడు. నవ్వలేనిది కాకినాడ రోడ్డులో ఒక పెళ్లిలో జరిగింది. బంతిలో కింద కూర్చోలేక కుర్చీ వేయించుకుని తింటున్నాడు. ఆ కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి విచ్చుకుపోయి ఈయన నేల మీద పడ్డాడు. ఆకులో సాంబారు చొక్కా మీదికొచ్చింది. జనం నవ్వారు. ఆ కుర్చీ వెనకాల పెద్ద అక్షరాలతో "వీరాయమ్మ సప్లయర్స్" అని రాసి ఉంది.

అది జరిగిన వారంలోనే ఇంకొకటి. మధ్యాహ్నం భోంచేసి మడతమంచం మీద నిద్రపోతున్న మనిషికి గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. బియ్యం ఏరుకుంటున్న మంగతాయారు చేట పక్కన పడేసి పరుగున వచ్చి రెండు చేతులతో కుదిపింది. "ఏమండీ! ఏమండీ!" ఊపిరి పెద్ద శబ్దంతో తిరిగొచ్చింది. ఆయన కళ్లు తెరిచి "ఏంటే, మంచి నిద్దర చెడగొట్టావు" అన్నాడు. ఆవిడ మంచం పట్టె పట్టుకుని అలాగే నేల మీద కూలబడిపోయింది. అప్పుడు ఆయన లేచి ఆవిడ ముఖంలోకి చూశాడు. "పద. కాకినాడ వెళ్దాం," అన్నాడు.

కాకినాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కడుపుని కోడిగుడ్డంత సంచీగా మిగిల్చి దాన్ని పేగుకి కలిపారట. ఇంటికి పంపే ముందు నీరజ అనే డైటీషియన్ అమ్మాయి దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఇకనుంచి పెద్ద కంచం వద్దు, చిన్న గిన్నె చాలు. కొన్నాళ్లు తేటలు, ఆ తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాతే మామూలు తిండి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. ఎప్పుడైనా ముందు గుడ్డో చేపో పప్పో తినాలి, తర్వాత కూర, చోటుంటే అన్నం. మందుబిళ్లలు బతికినన్నాళ్లూ మానకూడదు.

"గిన్నంటే ఎంత గిన్నమ్మా?" అని అడిగింది మంగతాయారు. నీరజ చేతి గుప్పిట మూసి చూపించింది.

మంగతాయారు ఇంటికొచ్చి షాపంతా వెతికింది. ఆ ఇంట్లో ఐదొందల మందికి అన్నం వండే గుండిగలున్నాయి, మనిషి దిగి తోమే డేగిసాలున్నాయి. గుప్పెడు పట్టే గిన్నె మాత్రం ఒక్కటీ లేదు. చివరికి ట్రంకుపెట్టె తెరిచింది. పాత చీర గుడ్డ విప్పగానే నాకు ఎండ తగిలింది. చింతపండుతో నన్ను తోమి, మరిగిన నీళ్లలో వేసి, పప్పుతేట పోసి ఆయన ముందు పెట్టింది.

తాతాజీ గారు నన్ను చూసి నా కొమ్ముని వేలితో తడిమాడు. తర్వాత "నలభై ఏడేళ్లొచ్చాక ఉగ్గుగిన్నా మంగా!" అన్నాడు.  "ఆ షాపు వైపు తలుపు వేసిరా. ఎవడైనా చూస్తే పరువుండదు."

తలుపు వేసింది. ఆయన నన్ను ఎత్తి పెదాలకి ఆనించుకున్నాడు. ఆ పెదాలు నాకు తెలుసు. మీసం ఒక్కటే కొత్త. ఒక గుక్క తాగి ఆగాడు. మింగి, కడుపు మీద చెయ్యి వేసుకుని, దిగిందా అన్నట్టు చూసుకున్నాడు. అలా ఆగి చూడటం నాకు తెలిసిన పద్ధతే. చేసే మనిషే మారింది. నేను సగం ఖాళీ అయ్యేసరికి ఆయనకి చాలనిపించింది. నలభై బూరెల మనిషికి! ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కడుపు నిండినందుకో, నిండడానికి ఇంతే పట్టినందుకో, నాకూ తెలియలేదు.

మొదటి నెలలు ఎలాగో గడిచాయి. పప్పుతేట, పల్చటి మజ్జిగ, ఆ తర్వాత రాగిజావ, మెదిపిన గుడ్డు, ముళ్లు తీసి చిదిమిన చేప. షుగరు బిళ్లలు తగ్గాయి. గురక తగ్గింది. చొక్కాలు వదులయ్యాయి. కానీ ఆకలి ఆగినంత తేలిగ్గా ఆశ ఆగదు. వీధిలో ఎక్కడైనా బెల్లం పాకం వాసన వస్తే ఆయన మాట మధ్యలో ఆపేసేవాడు. మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని పాత బంతులన్నీ తలుచుకునేవాడు. "గుర్తుందా మంగా, మాచవరం పెళ్లిలో పనసపొట్టు కూర? వానలో పందిరి కారిపోతున్నా బంతి లేవలేదు. ఆకులో వాననీళ్లు ఒంచేసి తిన్నాం." ఆవిడ బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టేది. నేను వినేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ కబుర్లు బాగుండేవి. మనిషి తినలేనప్పుడు చెప్పే తిండి కబుర్లలో వంట కన్నా మనుషులెక్కువ కనిపిస్తారు.

మూడో నెలలో చిట్టిబాబు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. మంగతాయారు నన్ను చేతిసంచీలో వేసుకుంది. ఉడికించిన గుడ్డు ఒకటి, మెత్తటి పప్పు కాస్త డబ్బాలో పెట్టుకుంది. పందిట్లో బంతి వేశారు. తాతాజీ గారికి అలవాటు ప్రకారం మొదట్లోనే ఆకు వేశారు. మంగతాయారు వచ్చి ఆకు పక్కన నన్ను పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు సాచి చూశారు.

"ఇదేంటి బావా? పసిపిల్లాడి గిన్నె!" అన్నాడు చిట్టిబాబు. అతని గొంతులో వెటకారం లేదు, దిగులే ఉంది. "నా ఇంట్లో మొదటి బంతి. నువ్వు తినకుండా లేస్తే నాకు ఇల్లు అచ్చిరాదు బావా. ఒక్క బూరె. అక్కా, నువ్వు చెప్పవే."

"వద్దురా తమ్ముడూ. డాక్టర్లు తీపి ముట్టుకోవద్దన్నారు," అంది మంగతాయారు.

"ఒక్కదానికేమవుద్దక్కా! నెయ్యి వెయ్యండయ్యా ఇక్కడ!"

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే చెడగొట్టాయి. ఆ చప్పుడు వినగానే తాతాజీ గారి వెన్ను నిటారైంది, చెయ్యి దానంతటది లేచింది. బూరె పగలగొట్టి గుంటలో నెయ్యి పోయించుకున్నాడు. మొదటిది మింగాడు. "అదీ!" అన్నారు. రెండోది తీసుకున్నాడు.

అది పూర్తికాలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. చెమట ధారలు కట్టింది. గుండె దడదడలాడుతుంటే ఛాతీ పట్టుకుని లేచి పందిరి వెనక్కి వెళ్లాడు. అక్కడ ఖాళీ గుండిగల పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. మంగతాయారు ఆయన నుదురు పట్టుకుంది. తర్వాత ఆయన అక్కడున్న టార్పాలిన్ పట్టాల మీదే పడుకున్నాడు. చిట్టిబాబు వచ్చి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక తువ్వాలుతో విసురుతూ "బావా, బావా" అంటున్నాడు. అవతల బంతి సాగుతూనే ఉంది. ఇంకెవరో కుర్రాడి మీద పందెం కూడా కట్టారట.

ఆ రోజు నుంచి తాతాజీ గారు పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాడు. షామియానాలు పనివాళ్లతో పంపేవాడు. ఒకసారి వసారాలో మంగతాయారుతో అన్నాడు: "నన్ను అందరూ ఏమని పిలిచేవారు? తినేవాడని. తిండి పోయాక నేనెవణ్ణి మంగా?"  

భయం పట్టుకుంది ఆయనకి. భయపడ్డ మనిషి ఒక గోతిలోంచి లేచి రెండో గోతిలో పడతాడు. ఎక్కువ తింటే ప్రమాదమని తెలిసింది కనుక అసలు తినడమే తగ్గించేశాడు. పొద్దున నన్ను సగం నింపితే అందులో సగం వదిలేసేవాడు. గుడ్డు పక్కన పెట్టేసేవాడు. బిళ్లలు మరిచిపోయేవాడు. కాటా మీద ముల్లు వెనక్కి వెళుతుంటే ఆ చప్పట్లకి బదులు ఇది దొరికినట్టుండేది. దువ్వెనకి జుట్టు కుచ్చులుగా వచ్చింది. ఒక ఉదయం షాపులో వెదురుబొంగు అందుకోబోయి కళ్లు తిరిగి పడిపోయాడు. మంగతాయారు ఆటో పిలిచింది. మళ్లీ కాకినాడ. చేతిసంచీలో నేనూ ఉన్నాను.

నీరజ ఆయన రక్తపరీక్షలు చూసి గట్టిగానే కోప్పడింది. "తక్కువ తినమన్నాను గాని, తినడం మానమన్లేదు తాతాజీ గారూ! ఆ చిన్న కడుపులో పట్టేది కొంచెమే. ఆ కొంచెంలో బలముండాలి. మీరు గుడ్డు వదిలేసి టీలో బిస్కెట్టు ముంచుకు తింటే ఒంట్లో కండ కరిగిపోతుంది. జుట్టు అందుకే రాలుతోంది. గిన్నె దాటకూడదు. గిన్నెకి తగ్గకూడదు కూడా. తెలిసిందా?"

ఆయన బుద్ధిగా తలూపాడు. సరే వెళ్దామని లేచారు. లేవడంలో మంగతాయారు ఒక్క క్షణం గోడ పట్టుకుని నిలబడింది. నీరజ అది చూసింది.

"ఆంటీ, ఒకసారి ఇలా రండి." ఆవిడ కింది కనురెప్ప లాగి చూసింది. "మీరేం తింటున్నారు?"

మంగతాయారు నవ్వేసింది. "మా ఇంట్లో తిండికేం లోటమ్మా. ఐదొందల మందికి వండే పాత్రలున్నాయి."

"పాత్రల సంగతి కాదు. నిన్న మధ్యాహ్నం మీరేం తిన్నారు?"

"చారూ అన్నం. మజ్జిగ."

"అంకుల్‌కి చేప వండారుగా?"

"ఆయనకి సరిపోయేంతే వండుతానమ్మా. ఆయన మానేసినవి నేనొక్కదాన్నీ వండుకు తింటానా? చూస్తే ఆయనకి ఆశ పుడుతుంది."

"ఆపరేషన్‌కి ముందు?"

ఆవిడ ఆలోచించింది. అంత ఆలోచించాల్సిన ప్రశ్న కాదది. "ఆయన తిన్నాక మిగిలింది తినేదాన్ని," అంది.

నీరజ ఆవిడ రక్తం కూడా తీయించింది. కాగితం వచ్చాక ఆయన వైపు తిరిగింది. "మీకన్నా ఆంటీకే రక్తం తక్కువుందండీ. చాలా తక్కువ. ఇది నిన్నా ఇవాళా వచ్చింది కాదు."

తాతాజీ గారు ఆ కాగితం వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు. ఇంటికి బస్సెక్కారు. చేతిసంచీ ఆవిడ ఒళ్లో, నేను సంచీలో. ఆయన కిటికీ పక్కన సీటు ఆవిడకిచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నలుగురిలో అలా ఎప్పుడూ పట్టుకోలేదు. ఆవిడకి సిగ్గేసి రెండుసార్లు లాక్కోబోయింది. ఆయన వదల్లేదు.

మర్నాడు ఆయనే బజారుకి వెళ్లి బొమ్మిడాయిలు తెచ్చాడు. ఇద్దరికీ సరిపడా పులుసు పెట్టమన్నాడు. మధ్యాహ్నం ఆవిడ నాలో రెండు ముక్కలు ముళ్లు తీసి పెట్టి, అలవాటు ప్రకారం పక్కన నిలబడింది.

"నీ కంచం తెచ్చుకో," అన్నాడు.

"మీరు తినండి. నేను తర్వాత తింటాను."

"ఈ గిన్నెడు తినడానికి నాకు అరగంట పడుతుంది. ఆ అరగంటా గోడ చూస్తూ కూర్చోమంటావా? తెచ్చుకోవే."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి కంచం తెచ్చుకుంది. ఎదురుగా కూర్చోకుండా కాస్త పక్కకి తిరిగి కూర్చుంది. పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఆవిడ తింటుంటే ఆయన చూడటం అదే మొదలు. కంచంలో అన్నం ఉంది, పులుసు ఉంది. ముక్క లేదు.

"ముక్కేది?"

"నాకు ముక్క ఇష్టముండదండీ."

"ఎప్పట్నించి?"

ఆవిడ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు సిద్ధంగా ఉండదు కదా. మెల్లిగా అంది: "పెళ్లయినప్పట్నించి."

తాతాజీ గారు చేతిలో ముక్క కింద పెట్టేశాడు. ఆ మాటకి అర్థం అడగలేదు. అడగకుండానే తెలిసినట్టుంది. మొదటి బంతిలో నలభై బూరెలు తిన్న మనిషి ఇంట్లో ఎంత తినేవాడో, ఆ తర్వాత గిన్నె అడుగున ఏం మిగిలేదో ఆయనకి ఒక్కసారిగా కనిపించి ఉంటుంది. నాకు వీరాయమ్మ గారు గుర్తొచ్చింది. ఉగ్గు పట్టడం అయిపోయాక ఆవిడ నా అడుగున మిగిలిన చుక్కల్ని వేలితో తీసి నాకేది. పాలైనా జావైనా అంతే. బాలింత పథ్యం సరిగ్గా తిన్నదో లేదో అప్పుడూ ఎవరూ అడగలేదు. నేను ఆ బిడ్డ గొంతు వంకే చూశాను, ఆవిడ గొంతు వంక చూడలేదు. ఈ మనుషులు బియ్యానికి కాటా పెట్టారు, బంగారానికి కాటా పెట్టారు. ఒకే ఇంట్లో ఒకరి కంచానికీ ఇంకొకరి కంచానికీ మధ్య మాత్రం ఏ కాటా పెట్టుకోలేదు.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. పులుసు దాక పట్టుకొచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు. ఆ చేతులు ఎన్నో గుండిగలు ఎత్తించాయి గాని గరిటె పట్టి వడ్డించడం తెలీదు. పులుసు కాస్త నేల మీద ఒలికింది. రెండు ముక్కలు ఆవిడ కంచంలో పడ్డాయి.

"అంత తినలేనండీ."

"డాక్టరమ్మ నాకు చెప్పింది నీకూను. గిన్నెకి తగ్గకూడదంది. తిను."

ఆవిడ తిన్నది. ముల్లు తీసుకుంటూ, తల వంచుకుని, చాలా మెల్లిగా తిన్నది. తల ఎందుకు ఎత్తలేదో నాకు కింద నుంచి కనిపిస్తూనే ఉంది. ఆయన నాలోని చేప కొంచెం కొంచెం తీసుకుని నములుతూ, ఆవిడనే చూస్తున్నాడు. ఆ పూట ఆయన నన్ను పూర్తిగా ఖాళీ చేశాడు.

అన్నీ ఒక్కరోజులో చక్కబడ్డాయని చెబితే అబద్ధం. ఆవిడ అలవాటు ఆయన అలవాటు కన్నా మొండిది. ఆయన షాపులో ఉంటే చారన్నంతో సరిపెట్టేసుకునేది. ఆయన వచ్చి దాక మూత తీసి చూసేవాడు. "ఇందులో ముక్కలు పొద్దున్నెన్నున్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయే!" అని గొడవపడేవాడు. గుడ్డు ఉడికిస్తే ముందు ఆవిడ చేత తినిపించి అప్పుడు తన గుడ్డు నాలో చిదుముకునేవాడు. పెసరట్టు వేస్తే ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడి తింటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన బిళ్లల పక్కన ఆవిడ బిళ్లలు కూడా చేరాయి. ఆయన మరిచిపోతే ఆవిడా, ఆవిడ మరిచిపోతే ఆయనా గుర్తుచేసేవారు.

ఒకరోజు చిట్టిబాబు వచ్చాడు. గృహప్రవేశం తర్వాత మొదటిసారి. గుమ్మంలోనే నిలబడి "బావా, ఆ రోజు..." అని నసిగాడు. "లోపలికి రారా" అన్నాడు తాతాజీ. ముగ్గురూ కలిసి కూర్చున్నారు. చిట్టిబాబు పెద్ద కంచంలో తింటూ, మధ్యమధ్య నా వంక చూస్తూ, చివరికి అనేశాడు: "నీతో బంతిలో కూర్చునే సరదా పోయింది బావా."

"నాకూ పోయిందిరా," అన్నాడు తాతాజీ గారు. ఆ మాట దాచుకోలేదు. "రోజూ గుర్తొస్తుంది. కానీ ఒకటి చెప్పనా? ఆ నలభై బూరెల్లో మొదటిదాని రుచి గుర్తుంది. మిగతావాటిల్లో నాకు గుర్తున్నది చప్పట్లే. ఇప్పుడు చూడు, మీ అక్క పెట్టే ఈ పప్పులో ఇంగువ వేస్తుందని నాకు ఈ ఏడాదే తెలిసింది."

"ఎప్పుడూ వేస్తాను," అంది మంగతాయారు.

ముగ్గురూ నవ్వారు. నేను ఆ నవ్వుల మధ్యలో ఉన్నాను.

ఆయన తిరిగి పెళ్లిళ్లకి వెళ్తున్నాడు. గుంజ దగ్గర తనే వంగి తాడు బిగిస్తాడు. బంతిలో భార్యని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. వెనక నిలబడి చూసేవాళ్లు ఎవరూ లేరు. వడ్డించేవాళ్లు పాత మర్యాద కొద్దీ ఆయన ఆకు దగ్గర ఆగితే "నాకు కాదు, ఈవిడకెయ్యి" అంటాడు. తీపి దగ్గర మాత్రం ఇప్పటికీ ఒక క్షణం చూపు నిలుస్తుంది. తర్వాత ముందుకు వెళ్లిపోతుంది.

ఆ ఏడు తిరిగేసరికి ఒక పూటకి నేను రెండుసార్లు నిండేదాన్ని. ఆ తర్వాత ఆయనకి నా అవసరం తీరిపోయింది. చిన్న కంచంలో ఎంత వడ్డించుకోవాలో చేతికే తెలిసిపోయింది. మంగతాయారు నన్ను తోమి, తుడిచి, వంటింటి గూట్లో ఆవాల డబ్బా పక్కన పెట్టింది. మళ్లీ ట్రంకులో పెట్టలేదు. ఇక్కడ వెలుతురుంది. పొద్దున పోపు చిటపటలు, మధ్యాహ్నం ఇద్దరి మాటలు వినిపిస్తాయి. ఎన్ని బోసినోళ్లు, ఎన్ని చుక్కలు, ఎన్ని భయాలు చూశానో తలుచుకుంటూ కూర్చుంటాను. వీరాయమ్మ గారు ఉంటే బాగుండుననిపిస్తుంది. కొడుకు సన్నబడ్డాడని ముందు ఏడ్చేది. తర్వాత ఆవిణ్ని కూడా ఆయన పక్కన కూర్చోబెట్టేవాడు.

ఇవాళ మధ్యాహ్నం బయట వాన పడుతోంది. కొరమీను పులుసు. ఆయన తన చిన్న కంచంలో చేపముక్క ముళ్లు తీసుకుంటున్నాడు. ఆవిడ ఎదురుగా, ఆయన వైపు తిరిగే కూర్చుంది. వాన గురించీ, తడిసిన పట్టాల గురించీ ఏదో మాట్లాడుకుంటున్నారు. మాటల మధ్యలో, కంచంలోంచి తల కూడా ఎత్తకుండా, చాలా మామూలుగా మంగతాయారు అంది:

"ఏమండీ, ఇంకో ముక్క వెయ్యండి."

ఆయన చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. ఆవిడ గమనించలేదు. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, ముక్క కోసం కంచం కాస్త ముందుకి జరిపింది.

ఆయన దాకలో వెతికి, నడుం ముక్క ఏరి, వేశాడు.